గుద్దుడు ఉంగరాలు

మార్చి 2, ఆదివారం

పొద్దుటి నుంచి హాల్లో చాప పరిచి అన్నీ దాని మీద పెట్టాను. చూస్తే నాకే సిగ్గేసింది. ఇన్నేళ్ళూ నేను చేసింది సేకరణ కాదు, పోగు. నాలుగు వేళ్ళకూ తొడుక్కుని పిడికిలి బిగించే ఇత్తడి ముక్కలు, ఇనప ముక్కలు, సీసం ముక్కలు. కేటలాగుల్లో నకిల్ డస్టర్లంటారు. మా బావమరిది గుద్దుడు ఉంగరాలంటాడు. ఇంట్లో ఆ పేరే స్థిరపడింది.

నిన్న గడియారాలు బాగుచేసే ఆయన కొట్లో కూర్చున్నప్పుడు అన్న మాట వదలడం లేదు. "ఎన్ని ఉన్నాయని ఎవడూ అడగడయ్యా. ఎందుకున్నాయని అడుగుతారు. నీ దగ్గర జవాబుందా?"

అందుకే ఈ రోజు ఒక నియమం పెట్టుకున్నాను. తొడుక్కున్న మనిషెవరో తెలిసిందే ఉంటుంది. తెలియనిది ఎంత అందంగా ఉన్నా పోతుంది. సాయంత్రానికి చాప మీద సగం కూడా మిగల్లేదు. ఓడ వడ్రంగి ఇసక అచ్చులో పోసుకున్న సీసపుది ఉంది. సినిమా హాలు గేటు దగ్గర నిలబడే ఆయన వాడిన ఇత్తడిది, లోపలి అంచు అద్దంలా అరిగిపోయింది. కొమ్ముతో చేసినదొకటి. ఇంకా, చిన్నది.

చిన్నదంటే నాకు పక్షపాతమే. లేతు మిషను మీద పనిచేసే ఒకాయన, బట్టల మిల్లులో రాత్రి షిఫ్టుకు వెళ్ళే చెల్లెలి కోసం అల్యూమినియంతో పోసిచ్చాడు. ఆడవాళ్ళ చేతికే సరిపోతుంది. నాలుగో గుబ్బ పోతలో సరిగా రాలేదు, సగం చంద్రుడిలా ఉంటుంది. ఆ చెల్లెలు దాన్ని శాలువా కింద పట్టుకుని ఇరవై ఏళ్ళు నడిచిందట, ఎవర్నీ కొట్టలేదట. మనవరాలు నా చేతిలో పెట్టినప్పుడు ఆ మాటే చెప్పింది.

"ఏమండీ, ఆ చాప తీస్తే భోంచేద్దాం. లేదంటే అవే వడ్డిస్తాను" అంది మా ఆవిడ. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది.

మార్చి 5

మ్యూజియం నడిపే ఆవిడ నా ల్యాబ్‌కే వచ్చింది. పళ్ళ డాక్టరు గారి క్లినిక్ వెనక నేను కట్టుడు పళ్ళు చేసే ఈ ఇరుకు గదిలో, అచ్చుల మధ్య ఆవిడకు కుర్చీ వెయ్యడానికి కూడా చోటు దొరకలేదు. ఒక్కో ఉంగరానికీ నేను రాసిన కార్డులు నిలబడే చదివింది. పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉందట. జూన్‌లో నా సేకరణ పెడదామంది.

వెళ్ళబోతూ ఒక ప్రశ్న వేసింది. "అన్నీ తొడుక్కున్న వాళ్ళ కథలే. దెబ్బ తిన్నవాళ్ళెవరూ లేరేంటి సార్?"

"వాళ్ళెవరో మనకెలా తెలుస్తుందండీ" అన్నాను.

"అదే" అంది.

అయినా జూన్ అంది కదా. జూన్.

మార్చి 8

అమ్మాయి కుడిచేతికి కట్టు. పనిచేసే బేకరీలో ఓవెన్ ట్రే తగిలిందట. మొన్న వాళ్ళమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కాలిన చేతికి అంత లావు కట్టు ఎందుకో. ఈ కాలం డాక్టర్లు దూది దండగ చేస్తారు.

సీసపుదానికి కార్డు తిరగరాశాను. ఇప్పుడు బాగుంది.

మార్చి 9

చిన్నది కనిపించడం లేదు.

మార్చి 10

బీరువా, మంచం కింద పెట్టె, ల్యాబ్ డ్రాయర్లు, చెత్తబుట్ట. చాప దులిపాను. ఆదివారం ఉంది, పెట్టెలో పెట్టినట్టే గుర్తు. పెట్టానా?

పొద్దున కాఫీ దగ్గర అందర్నీ అడిగాను. మా ఆవిడ "నేను వాటిని ముట్టుకోనని మీకు తెలుసు" అంది. అమ్మాయి "నేను చూళ్ళేదు నాన్నా" అని గ్లాసు ఎడమచేత్తో ఎత్తింది.

గడియారాలాయన్ని కూడా అడిగాను. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, నా వంక చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అడక్కుండా ఉండాల్సింది.

మార్చి 12

మళ్ళీ అడిగాను. లేదు.

మార్చి 14

ఈ వారంలో ఒక్క మంచి విషయం. అమ్మాయి నా సేకరణ మీద మొదటిసారి ఆసక్తి చూపించింది. నేను కార్డులు సర్దుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నాన్నా, వీటితో చెంప మీద కొడితే మనిషి చచ్చిపోతాడా?"

ఎంత సంతోషమేసిందో. కూర్చోబెట్టి బొమ్మ గీసి చూపించాను. చెంప ఎముక ఇక్కడ, దవడ ఇక్కడ, పళ్ళ వేర్లు ఇలా దిగి ఉంటాయి. చెంపకు తగిలితే ప్రాణం పోవడం అరుదు, పళ్ళూ ఎముకా పోతాయి. కణతకు తగిలితే వేరే సంగతి. పడేటప్పుడు తల వెనక నేలకు కొట్టుకుంటే ఇంకా ప్రమాదం, చాలామంది అలాగే పోయారు అని చెప్పాను.

ఆ ఆఖరి మాటకు లేచి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలకు ఓపిక తక్కువ.

మార్చి 16

బావమరిది కుళాయి బాగుచెయ్యడానికి వచ్చాడు. ప్లంబరే అయినా మా ఇంటి కుళాయిని మూడో విడతలో గానీ బాగుచెయ్యడు. కిందటి నెల వచ్చినప్పుడు చిన్నది వేళ్ళకు ఎక్కించుకోబోయి, పట్టక, "ఇదెవరికి బావా, బొమ్మకా?" అని నవ్వాడు. ఆ సంగతి నిన్నటి నుంచి నాలో తిరుగుతోంది.

అడిగేశాను. మెత్తగానే అడిగాననుకున్నాను. "సరదాకి పట్టుకెళ్ళి ఉంటే తెచ్చిచ్చెయ్, ఏమీ అనుకోను" అన్నాను.

వాడు స్పానర్ కింద పెట్టాడు. "బావా, దొంగతనం చెయ్యాలనుకుంటే ఈ ఇంట్లో ఇంకేం దొరకలేదా నాకు?" అన్నాడు. సంచీ సర్దుకుని అక్కతో కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. కుళాయి ఇప్పుడు అసలు ఆగడం లేదు.

తప్పు చెయ్యనివాడు అంత ఉడుక్కుంటాడా?

మార్చి 17

మా ఆవిడ మాట్లాడటం లేదు. కుట్టు మిషను ముందు కూర్చుని కుట్టిందే కుడుతోంది.

మార్చి 21

అమ్మాయి బేకరీలో సాయంత్రం షిఫ్టు వద్దందట. పొద్దున షిఫ్టు ఇస్తే వస్తానందట. వాళ్ళు కుదరదన్నారు. ఇంట్లోనే ఉంటోంది. ఎవరు గంట కొట్టినా కాలుకాలిన పిల్లిలా లోపలికి పోతుంది. చెయ్యి నొప్పి కాబోలు.

కార్డులన్నీ పూర్తయ్యాయి, చిన్నదానిది తప్ప. అది లేకపోతే మిగతావాటికి అర్థం లేదు. మగాళ్ళ చేతుల మధ్య అదొక్కటే వేరు. మ్యూజియం ఆవిడకు ఇంకా చెప్పలేదు.

మార్చి 27

డాక్టరు గారు ఒక కుర్రాణ్ణి ల్యాబ్‌లోకి పంపించారు, పళ్ళ రంగు చూడమని. పై వరసలో ఎడమవైపు కోరపన్నూ దాని పక్కవి రెండూ లేవు. దవడ అతుక్కుంటోంది, ప్రస్తుతానికి తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ ప్లేటు చెయ్యాలి. వెంట తల్లి వచ్చింది.

"మెట్ల మీంచి పడ్డానండి" అన్నాడు నేను అడక్కుండానే.

"చెప్తే వినడు, ఫోన్ చూసుకుంటూ దిగుతాడు" అంది తల్లి. అతని చొక్కా కాలరు సర్దింది.

రంగు పోల్చుకునే నమూనా పళ్ళ వరస అతని పెదవి దగ్గర పెట్టి దీపం కిందికి తిప్పాను. ఎడమ చెంప మీద మానుతున్న మచ్చలు. వరసగా మూడు, గుండ్రంగా. నాలుగోది సగం చంద్రుడు.

ఏ రంగు రాసుకున్నానో గుర్తులేదు. రేపు మళ్ళీ పిలిపించాలి.

మార్చి 28

మెట్లే అయి ఉంటాయి. మెట్లకు అంచులుంటాయి. ఇనప గొట్టాల రెయిలింగు ఉంటుంది. దేనికైనా తగిలి ఉండొచ్చు.

మార్చి 29

బావమరిదే. ఇప్పుడు అర్థమైంది. ఎక్కడో గొడవపడ్డాడు. అందుకే అంత ఉడుక్కున్నాడు. వాడికి వేళ్ళు పట్టవు నిజమే, కానీ బలవంతంగా ఎక్కిస్తే రెండు వేళ్ళయినా పట్టవా?

మా ఆవిడకు చెప్పబోయాను. మీ తమ్ముడు, అనగానే మిషను తొక్కడం ఆపి నా కళ్ళలోకి చూసింది. కార్డుల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 1

అమ్మాయి కట్టు తీసేశారు.

చూశాను.

ఏప్రిల్ 2

నిన్న రాయలేకపోయాను.

వంటింట్లో గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళాను. కాలిన మచ్చ ఎక్కడా లేదు. చిటికెన వేలి మొదట్లో కణుపు లోపలికి కుంగిపోయింది. నాలుగు వేళ్ళ మొదళ్ళలోనూ చర్మం కమిలి, లేత గోధుమరంగులో ఉంగరాల్లాంటి గీతలు. సరిగా బిగించకుండా కొడితే తొడుక్కున్న చేతికే దెబ్బ తగులుతుంది. ఈ మాట నేనే ఒక కార్డు మీద రాశాను.

"ఓవెన్ ట్రే కాదు కదా" అన్నాను.

"కాదు" అంది. చెయ్యి దాచుకోలేదు.

ఎవడమ్మా అని అడిగాను. బేకరీ పక్క చెప్పుల షాపులో పనిచేస్తాడట. చలికాలం నుంచి రోజూ మూసేవేళకు వచ్చి ఒక రొట్టె కొంటాడు, తర్వాత ఆమె వెనకే నడుస్తాడు.

"ఏం మాట్లాడేవాడు కాదు నాన్నా. మాట్లాడితే తిట్టొచ్చు కదా. నేను ఆగితే ఆగేవాడు. ఓనరుకి చెప్పాను. మంచి కుర్రాడమ్మా, రోజూ కొంటాడు అన్నాడు. ఆ ఆదివారం నువ్వు చాప మీద అన్నీ పరిచావు చూడు, చిన్నది నా చేతికి సరిపోతుందనిపించింది. ఊరికే జేబులో ఉంటే ధైర్యంగా ఉంటుందని తీసుకున్నా. ఆ గురువారం స్కూలు గోడ పక్క సందులో చెయ్యి పట్టుకుని లాగాడు. వదలమన్నా. మళ్ళీ అన్నా. వదల్లేదు."

నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. "పడిపోయాడు. కదల్లేదు. నేను పరిగెత్తుకొచ్చేశా. పేపర్లో వస్తుందేమోనని రోజూ చూసేదాన్ని. నిన్ను అడిగితే తల వెనక తగిలితే పోతారన్నావ్."

నేను బొమ్మ గీసి మరీ చెప్పాను.

వాళ్ళమ్మకు ఆ రోజే తెలుసు. చిన్నది ఆమె మిషను డ్రాయర్లో గుండీల డబ్బా అడుగున ఉంది. నేను బీరువాలు వెతుకుతుంటే అది నాకు రెండు మూరల దూరంలోనే ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

అమ్మాయి చెయ్యి నీళ్ళలోంచి తీసి తుడుచుకుంది. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూసినట్టుంది. "నువ్వు రోజూ పొద్దున్నే దాని గురించే అడిగావు నాన్నా" అంది.

ఆ కుర్రాడు బతికే ఉన్నాడనీ, నా దగ్గరికే పళ్ళ కోసం వచ్చాడనీ చెప్పాను. రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఆమెకు అది ఎంత ఊరటో అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 3

మా ఆవిడతో వాదన. చాలా రోజులకు మాట్లాడుకున్నాం, అదీ ఇలా.

నేనన్నది సబబే. వాడే మెట్లంటున్నాడు. ఎవరికీ తెలియదు. కేసంటే కొట్టింది మన పిల్ల, చేతిలో ఉన్నది ఆయుధం. దాన్ని నది దాకా వెళ్ళి పారేసొస్తే అయిపోతుంది. ఎందుకు కదపాలి?

"ఎవరి కోసం కదపకూడదు?" అంది.

"అమ్మాయి కోసమే."

జూన్ గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆమే అంది. "జూన్‌లో గది తలుపు తియ్యాలి కదా మీకు."

కొంతసేపటికి మళ్ళీ అంది. "మీరు మా తమ్ముణ్ణి అడిగిన రోజు నేను నోరు తెరిస్తే పిల్ల బయటపడుతుంది. అందుకని కుట్టుకుంటూ కూర్చున్నా. వాడు నా కూతురి కోసం ఆ మాట పడ్డాడు, వాడికి తెలీకుండానే."

ఏప్రిల్ 5

మెట్ల కుర్రాడి ప్లేటు చేస్తున్నాను. చేతులు వాటంతటవే పని చేస్తాయి, మనసే ఎక్కడో ఉంటుంది. చిగుళ్ళకు ఆనుకునే అంచు కొద్దిగా పదునుగా వదిలేస్తే చాలు. డాక్టరు గారికి తెలియదు. మాట్లాడినప్పుడల్లా, తిన్నప్పుడల్లా కోస్తుంది. ఏ మాత్రం కనిపించదు.

పదునుగానే వదిలి దీపం ఆర్పి వచ్చేశాను.

ఏప్రిల్ 6

సెలవు రోజైనా వెళ్ళాను. అంచు నునుపు చేశాను. మంచితనం అనుకోవడానికి లేదు. వాడి నోట్లో నా పగ తిరుగుతుంటే నాకు నిద్ర పట్టదని చేశాను.

ఏప్రిల్ 7

ప్లేటు పెట్టేటప్పుడు డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. కుర్చీలో వాడు, పక్కన తల్లి. నా వేలు వాడి నోట్లో పెట్టి కొక్కెం బిగువు చూడాల్సి వచ్చింది. కొద్దిగా వదులుంటే సరిచేసి మళ్ళీ పెట్టాను.

అద్దం ఇచ్చారు. వాడు నవ్వి చూసుకున్నాడు. "మావాడు మళ్ళీ మావాడిలా ఉన్నాడండీ" అని తల్లి నాకు దణ్ణం పెట్టింది. వాడు ఫోన్ ఎత్తి ఆ నవ్వు ఫొటో తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి హాలు మధ్యలో నిలబడి ఉంది, ఫోన్ నేల మీద. తీసి చూశాను. నేను చేసిన పళ్ళు. నేను ఎంచిన రంగు. కింద రాసి ఉంది: "మళ్ళీ నవ్వగలను. నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు రేపు కలవకపోతే చెప్తాను."

ఇది మొదటిది కాదట. ఆసుపత్రి మంచం మీద నుంచే మొదలుపెట్టాడట. ఆ రాత్రి భయంతో ఆపేసిన ఫోన్ అమ్మాయి ఈ రోజే తెరిచిందట, అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయట. బేకరీ గోడ మీద డ్యూటీ చార్టులో ఆమె నంబరు ఉంటుంది. మెట్ల మీద పడ్డానని తల్లికి చెప్పింది ఇందుకా. పోనీలే అని కాదు. పట్టు దొరికిందని.

"ఇవి కూడా మీ అమ్మకు తెలుసా?"

"లేదు. ఎవరికీ తెలీదు."

మా ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడే వెళ్దామా, రేప్పొద్దున్నా?" అంది. నన్ను కాదు, అమ్మాయిని అడిగింది.

"పొద్దున్నే" అంది అమ్మాయి. "కాస్త పడుకుని లేచి, మొహం కడుక్కుని చెప్తా."

ఏప్రిల్ 8

స్టేషన్‌లో ఒక పోలీసావిడ మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టింది. గుండీల డబ్బా బల్ల మీద పెట్టాం. ఆవిడ చిన్నదాన్ని పెన్నుతో ఎత్తి చూసింది.

"ఎవరిది?"

అమ్మాయి నోరు తెరవబోయింది. "నాది" అన్నాను.

"ఎందుకుంది మీ దగ్గర?"

"సేకరిస్తానండి."

"దేనికి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర నాలుగు పేజీల ముందుమాట ఉంది, మ్యూజియం గోడకు అంటించడానికి రాసుకున్నది. ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. ఆవిడ నన్ను వదిలేసి అమ్మాయి వైపు తిరిగింది.

అమ్మాయి మొదటి నుంచి చెప్పింది. తడబడలేదు. ఒకచోట నీళ్ళు అడిగింది, అంతే. తర్వాత పోలీసావిడ ఫోన్లోవి పైకి చదువుతూ, పక్కనున్నాయన చేత రాయించింది. నేను గోడ మీద పంకా స్విచ్చు వైపు చూస్తూ విన్నాను. వాటిలో ఒకటి మార్చి పన్నెండో తేదీది. "నీ చెయ్యి ఎలా ఉంది?"

మార్చి పన్నెండున నేనేం అడిగానో ఇందాక ఈ డైరీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. మా ఇంట్లో నేను అడగని మాట వాడు అడిగాడు.

కేసు రెండు వైపులా తిరగొచ్చని పోలీసావిడ దాచకుండా చెప్పింది. వాడి పళ్ళు ఊడాయి, ఎముక విరిగింది, మీ చేతిలో ఉన్నది మామూలు వస్తువు కాదు అంది. అమ్మాయి తలూపింది.

చిన్నదాన్ని సీలు వేసి ఉంచుకున్నారు. మిగతా పెట్టె కూడా తెప్పించి చూసి, ఇంట్లోంచి కదపొద్దని రాయించుకున్నారు.

ఏప్రిల్ 10

బావమరిది దగ్గరికి వెళ్ళాను. ఎవరిదో స్నానాల గదిలో బోర్లా పడుకుని పైపు బిగిస్తున్నాడు. పక్కన గచ్చు మీద కూర్చుని అంతా చెప్పాను. పైపు వదిలేసి లేచి కూర్చున్నాడు.

"పిల్లకి ఎముక విరిగిందా?" అన్నాడు.

"నిన్ను అనుమానించాను" అన్నాను.

"అది సరేలే బావా. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, ఏది పోయినా మా ఇంట్లో నన్నే అడిగేవాళ్ళు" అని నా చేతికి టార్చిలైటు ఇచ్చి పట్టుకోమన్నాడు. సాయంత్రం వచ్చి కుళాయి బాగుచేశాడు. ఈసారి నిజంగా ఆగింది.

ఏప్రిల్ 19

ఫోన్ మోగితే ముగ్గురం ఒకేసారి లేస్తున్నాం. వాడి తరఫు నుంచి ఎదురు ఫిర్యాదు పడిందట. లాయరు మాట్లాడేటప్పుడు "సాధారణంగా" అనే మాట ఎక్కువ వాడుతున్నాడు. ఆ మాట నాకు నచ్చడం లేదు.

డాక్టరు గారికి చెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రాడి ఫైలు వేరే క్లినిక్కుకు పంపించారు.

ఏప్రిల్ 24

అమ్మాయి ఈ రోజు గంట మోగితే తనే తలుపు తీసింది. పాలవాడు.

మే 3

కుర్రాడి తల్లి ల్యాబ్‌కి వచ్చింది. గుమ్మం దాటలేదు. కేసు వెనక్కి తీసుకోమంటుందని గుండె రాయి చేసుకున్నాను.

"మావాణ్ణి కొట్టింది మీ అమ్మాయేనని మీకు ముందే తెలుసా, పళ్ళు చేసేటప్పుడు?" అంది.

"తెలుసండి."

"అయినా బాగానే చేశారే."

ఆవిడ చేతిసంచీ కొసలు మెలిపెడుతూ నిలబడింది. "ఇంతకుముందు ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చాడు. నేనే తిట్టి పంపించా. మావాడు అలాంటివాడు కాదన్నా." సంచీ చంకలో పెట్టుకుంది. "ఆ మాట స్టేషన్‌లో చెప్పొచ్చాను" అని వెళ్ళిపోయింది.

కూర్చోమని అనాల్సింది.

మే 16

తేలింది. ఎదురు ఫిర్యాదు నిలబడలేదు. కాపాడుకోవడానికి కొట్టిన దెబ్బ కిందే తీసుకున్నారు. వాడు అమ్మాయికి దగ్గరగా రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు, వాడి మీద కేసు నడుస్తుంది. చెప్పుల షాపువాళ్ళు వాణ్ణి వేరే ఊళ్ళో కొట్టుకు మార్చారు. ఇది మంచిదో కాదో నాకు తెలియడం లేదు. ఆ ఊళ్ళో కూడా సందులుంటాయి.

మే 18

మ్యూజియం ఆవిడ ఫోన్ చేసింది. జరిగిందంతా కిందటి నెలే చెప్పాను కాబట్టి ఇక వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. మెత్తగా, ఆచితూచి మాట్లాడింది. కేసు పూర్తయ్యాక చిన్నదాన్ని మ్యూజియానికి ఇప్పించుకునే దారి ఉందట. "మీ అమ్మాయి ఒప్పుకుంటేనే సార్. పేరు కూడా అక్కర్లేదు. కానీ ఆ గదిలో తొడుక్కున్న చెయ్యీ, దెబ్బ తిన్న మొహమూ రెండూ తెలిసిన వస్తువు అదొక్కటే."

నిజం రాస్తున్నాను, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. నాకు ఆశ పుట్టింది. అన్నం తింటూ కార్డు మొదటి వాక్యం ఆలోచించాను. రెండో వాక్యం కూడా.

మే 19

అమ్మాయిని అడిగాను.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఏం రాస్తావు నాన్నా దాని మీద?" అంది.

నేను అనుకున్నది చెప్పాను. మిల్లులో చెల్లెలి దగ్గర మొదలుపెట్టి, శాలువా, ఇరవై ఏళ్ళు, తర్వాత ఇంకొక అమ్మాయి అని.

మొత్తం విన్నది. "బాగుంది" అంది. "కానీ చదివినవాళ్ళు నా చెయ్యి చూస్తారు. ఎవడో వచ్చి అద్దం ముందు నిలబడి, భలే కొట్టిందిరా అంటాడు. ఇంకొకడు పాపం వాడు అంటాడు. నేను వాళ్ళెవరికీ కనపడను. ఆ సందులో ఎంత భయమేసిందో నాకే ఇంకా సరిగా తెలీదు నాన్నా. దాన్ని నువ్వు నాలుగు లైన్లలో పెట్టకు."

"పెట్టను" అన్నాను.

"నీ మిగతావి పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు."

మే 20

మ్యూజియం ఆవిడకు చెప్పేశాను. మొత్తం మానుకుంటున్నాను అని. ఎందుకని అడిగింది. "మిగతావాళ్ళను కూడా నేను అడగలేదు కదండీ" అన్నాను. ఓడ వడ్రంగి, గేటు దగ్గరాయన, మిల్లు చెల్లెలు, వాళ్ళ చేతిలో తిన్నవాళ్ళు. మనసు మారితే ఫోన్ చెయ్యమంది.

బాధగా ఉంది. ఉండదనుకోలేదు. పోలీసుల అనుమతి రాగానే పెట్టె గడియారాలాయన కొట్లో ఇనప బీరువాలో పెట్టించాలి. "ఎందుకున్నాయని అడిగితే ఏం చెప్పను?" అన్నాడాయన. "తెలీదని చెప్పు" అన్నాను. ఆ రోజు అనుమానించి చేసిన అవమానానికి ఆయన నన్ను క్షమించినట్టే ఉన్నాడు, టీ పోయించాడు.

మే 27

చేతికి కసరత్తు చేయించే ఆవిడ కొత్త పని చెప్పింది. చిటికెన వేలు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. రోజూ ఎవరి చేతినైనా పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి నొక్కాలట. వాళ్ళమ్మకు కుట్టుపని చేతులు, నొక్కితే మర్నాడు పని సాగదు. నా చెయ్యి ఇచ్చాను.

భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. పళ్ళు బిగించి నొక్కింది. మొహమంతా ఎర్రబడింది.

"నొప్పేసిందా?" అంది.

"అమ్మో, వేసింది" అని చెయ్యి విదిలించాను.

అబద్ధం. వేళ్ళలో పత్తంత బలం కూడా లేదు.

మే 30

నొక్కింది. వేసిందన్నాను. "నటించకు నాన్నా" అంది.

జూన్ 4

అమ్మాయికి కొత్త పని దొరికింది, మందుల షాపులో, సాయంత్రందాకా. మొదటి రోజు నేను వెళ్ళి తీసుకొస్తానన్నాను. వద్దంది. గేటు దగ్గర నిలబడతానన్నాను. అదీ వద్దంది. హాల్లో కూర్చున్నాను. గోడ గడియారం ఆగిపోయిందేమోనని లేచి చూశాను. వచ్చేసరికి చీకటి పడింది. దార్లో ఎవరో పాత స్నేహితురాలు కనిపిస్తే మాట్లాడుతూ ఉండిపోయిందట. నేనేమీ అనలేదు. మా ఆవిడ అంది, నా వంతు కూడా కలిపి.

చెయ్యి నొక్కడం మర్చిపోయాం.

జూన్ 11

ఈ రోజు నిజంగానే నొప్పేసింది.